కష్టకాలంలో పిల్లల విశ్వాసం: ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు

మన దిక్కు కష్టం ఏయే రూపాల్లో వస్తుందో అందరికీ తెలుసు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి ధర పడిపోతుంది. తామర పురుగు పడి మిర్చి తోట పోతుంది. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో జీతం రాక ఇరుక్కుంటాడు. గోదావరిఖనిలోనో భూపాలపల్లిలోనో బొగ్గు బాయి పనికి పోయిన మనిషి దెబ్బ తగిలి మంచాన పడతాడు. 2023 జూలైలో మోరంచపల్లిలో జరిగినట్టు తెల్లారేసరికి వాగు ఇంట్లోకి వస్తుంది. ఇవేవీ లేని ఇంట్లో డయాలసిస్ ఉంటుంది, లేదా ఇంటర్ ఫలితాలు ఉంటాయి.

ఇలాంటప్పుడు చాలామంది క్రైస్తవ తల్లిదండ్రులు మంచి ఉద్దేశంతోనే ఒక పని చేస్తారు. కష్టాన్ని పిల్లలకు తెలియనివ్వరు, ప్రార్థన మాత్రం పెంచుతారు. అమ్మ వంటింట్లో ఏడుస్తుంది. రాత్రి ప్రార్థనలో మాత్రం "ప్రభువా, మాకు అన్నీ సమృద్ధిగా ఇచ్చావు, స్తోత్రం" అంటుంది. ఎనిమిదేళ్ల పిల్లకు కూడా ఈ తేడా అర్థమవుతుంది. దేవుడి దగ్గర నిజం మాట్లాడకూడదేమో అని ఆ పిల్ల అనుకుంటుంది. ఎదిగాక తన కష్టాన్ని కూడా ఎక్కడికో తీసుకుపోతుంది కానీ ప్రార్థనకు తీసుకురాదు.

కాబట్టి ఈ వ్యాసంలో చెప్పేదంతా ఒక మాట చుట్టూ తిరుగుతుంది. ఇంట్లో ఉన్న కష్టమే ఇంటి ప్రార్థనలో వినిపించాలి, పిల్లల ఎదుటే వినిపించాలి. మీరు సీఎస్ఐ అయినా, బాప్టిస్ట్ అయినా, కాజీపేట ఫాతిమానగర్ కెథెడ్రల్‌కు వెళ్లే కథోలిక కుటుంబమైనా, వీధి చివర రేకుల షెడ్డులో కూడుకునే చిన్న సంఘమైనా పద్ధతిలో పెద్ద తేడా ఉండదు.

మొదటి అడుగు: పిల్లలకు విషయం చెప్పండి

ప్రార్థన కంటే ముందు చేయాల్సిన పని ఇది. తల్లీ తండ్రీ ఇద్దరూ ముందు ఒక మాట మీదికి రండి. ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్నది పిల్లలు పడుకున్నాక మాట్లాడుకోండి. చెప్పే సమయం పడుకునే ముందు కాకుండా చూసుకోండి. రాత్రి విన్న చెడు వార్తతో పిల్లలకు నిద్ర పట్టదు. అన్నం తిన్న తర్వాత, ఇంకా వెలుతురు ఉన్నప్పుడు, టీవీ ఆపి, కింద కూర్చుని చెప్పండి.

ఆరేళ్లలోపు పిల్లలకు రెండు వాక్యాలు చాలు. "నాయినకు ఒంట్లో బాగలేదు, డాక్టర్లు చూస్తున్నరు. నిన్ను అమ్మమ్మ చూసుకుంటది." వాళ్లకు కావాల్సింది తమ అన్నం, తమ బడి, తమ పక్క ఎవరు చూస్తారన్న భరోసా.

ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లల విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. కష్టానికి కారణం తామేనని లోపల్లోపల అనుకునే వయసు అది. నేను సండే స్కూల్లో ఈ వయసు పిల్లలతోనే ఎక్కువ కూర్చుంటాను. నాన్నకు యాక్సిడెంట్ అయింది తను ఆ రోజు అబద్ధం ఆడినందుకేనని నమ్మే పిల్లలు మీరు ఊహించిన దానికంటే ఎక్కువ. అందుకే అడగకపోయినా ఈ మాట చెప్పండి: "ఇందుల నీ తప్పు ఏం లేదు బిడ్డా." ఒకసారి చెబితే సరిపోదు. వారం తర్వాత మళ్లీ చెప్పండి.

పదమూడు దాటినవాళ్లకు అసలు విషయం చెప్పాలి. మీరు ఫోన్లో మాట్లాడేది వాళ్లు ఎలాగూ వింటున్నారు. అప్పు ఉంటే మొత్తం లెక్క, మిత్తి ఎంత, సేటు ఏమన్నాడు అన్నదంతా వాళ్ల నెత్తిన పెట్టనక్కర్లేదు కానీ, ఇంట్లో ఏం మారబోతోందో చెప్పండి. ఈ ఏడాది కొత్త బట్టలు ఉండవు, బండి అమ్ముతున్నాం, హాస్టల్ మార్చాల్సి రావచ్చు. ఏది మారదో కూడా చెప్పండి. ఒక హద్దు మాత్రం దాటొద్దు. భర్త మీద కోపాన్ని పెద్ద కూతురి దగ్గర, భార్య మీద కోపాన్ని కొడుకు దగ్గర వెళ్లబోసుకోవద్దు. ఆ బరువు మోయడానికి సంఘంలో పెద్దవాళ్లు ఉన్నారు, మీ అక్కచెల్లెళ్లు ఉన్నారు.

రెండో అడుగు: చిన్న ప్రార్థన, ఆగిపోని ప్రార్థన

కష్టం రాగానే గంటసేపు కుటుంబ ప్రార్థన, మూడు రోజుల ఉపవాసం, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం అని పెద్దపెద్ద తీర్మానాలు చేస్తారు. పది రోజుల్లో అన్నీ ఆగిపోతాయి. ఆ తర్వాత మొదలుపెట్టాలంటే సిగ్గు. పిల్లలున్న ఇంటికి పదిహేను నిమిషాలు చాలు. తక్కువే అనిపించినా అదే నిలబడుతుంది.

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో పిల్లలకు నేర్పే విధానం చూడండి: "నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును వాటినిగూర్చి మాటలాడవలెను." అక్కడ గంట లెక్క లేదు. రోజులో ఎటూ జరిగే నాలుగు పనులున్నాయి. మీ ఇంట్లో ఎటూ జరిగే పని ఏదో చూసి ప్రార్థనను దానికి కట్టేయండి.

సింగరేణి ఇంట్లో షిఫ్టులు మారుతుంటాయి కాబట్టి "రోజూ రాత్రి ఎనిమిదింటికి" అన్న నియమం నిలవదు. ఫస్ట్ షిఫ్టు వారం రాత్రి అన్నాల ముందు, సెకండ్ షిఫ్టు వారం పిల్లలు బడికి పోయే ముందు, నైట్ షిఫ్టు వారం నాన్న డ్యూటీకి బయలుదేరేటప్పుడు గడప దగ్గర అని పెట్టుకోండి. గడప దగ్గరి ప్రార్థన రెండు నిమిషాలే ఉంటుంది. ఆ వారానికి అది చాలు.

తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో గడియారం చూసుకోవాలి. సౌదీ, కువైట్, ఖతార్ మనకంటే రెండున్నర గంటలు వెనక. దుబాయ్, మస్కట్ గంటన్నర వెనక. అక్కడ రాత్రి ఎనిమిదింటికి రూముకు చేరే మనిషికి సౌదీలో అయితే మన దగ్గర పదిన్నర, అప్పటికి చిన్నపిల్లలు పడుకుంటారు. రోజూ వీడియో కాల్‌లో కలవడం కుదరకపోతే నాన్న పొద్దున డ్యూటీకి పోతూ ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పంపొచ్చు. ఒక వాక్యం చదివి, పిల్లల పేర్లు పెట్టి ప్రార్థన చేస్తే పిల్లలు సాయంత్రం విని జవాబు పంపుతారు. పేర్లు పెట్టడం ముఖ్యం. "నా కుటుంబాన్ని దీవించు" అంటే పిల్లలకు అది గుళ్లో వినే మాటే. "మా చిన్నోనికి రేపు లెక్కల పరీక్ష ఉంది ప్రభువా" అంటే నాన్నకు గుర్తుందని తెలుస్తుంది. వారానికొకసారి, ఆయనకు సెలవు ఉన్న రోజున, అందరూ కలిసి కూర్చోండి. చాలామందికి అక్కడ సెలవు శుక్రవారమే.

ఇక పదిహేను నిమిషాల్లో ఏం చేయాలి? ఒక పాట, పిల్లలకు వచ్చిన పాట. ఏడెనిమిది వచనాలు, వంతులవారీగా చదవాలి. చదవడం రాని చిన్నవాళ్లు అమ్మ వెనక పలుకుతారు. తర్వాత ఒక ప్రశ్న: "ఇవాళ ఏది కష్టమనిపించింది?" అందరూ ఒక్కొక్క మాట చెప్పాలి, అమ్మా నాన్నా కూడా చెప్పాలి. చివర అవే మాటలతో ప్రార్థన. కథోలిక ఇళ్లలో జపమాల చెప్పుకునేవారు ఒక్కో రహస్యం ముందు ఆ రోజు విన్నపాన్ని పిల్లలతో చెప్పించవచ్చు. ప్రసంగం వద్దు. ముఖ్యంగా ప్రార్థన పేరుతో పిల్లలకు చురకలు వద్దు. "ప్రభువా, ఫోన్ పట్టుకుని కూర్చునే నా కొడుకు మనసు మార్చు" అని వాడి ఎదుటే ప్రార్థించేవాళ్లున్నారు. వాడికి వినపడేది తిట్టే. వాడు కళ్లు మూసుకుని వినాలి కాబట్టి తిరిగి మాట్లాడడానికి కూడా లేదు!

మూడో అడుగు: మొరపెట్టడం నేర్పండి

మన సంఘాల్లో స్తుతి బాగా నేర్పిస్తాం. మొర తక్కువ నేర్పిస్తాం. కీర్తనల గ్రంథం అలా లేదు. దేవుణ్ణి ప్రశ్నిస్తూ, ఏడుస్తూ, నిష్ఠూరమాడుతూ సాగే కీర్తనలు అందులో చాలా ఉన్నాయి. కష్టం వచ్చిన ఇంట్లో 13వ కీర్తనతో మొదలుపెట్టండి. ఆరు వచనాలే. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" అని దావీదు నేరుగా అడుగుతాడు. అడిగినందుకు దేవుడు శిక్షించినట్టు అక్కడ లేదు. చివరికి ఆ కీర్తన నమ్మకం దగ్గరికి వస్తుంది, కానీ ముందు అడగాల్సినవన్నీ అడిగాకే. పిల్లలతో చదివేటప్పుడు తొందరపడి ఐదో వచనానికి దూకొద్దు. మొదటి రెండు వచనాల దగ్గర ఆగి, "నీకెప్పుడైనా ఇట్ల అనిపించిందా?" అని అడగండి. అవునంటే మందలించొద్దు.

వ్యవసాయ కుటుంబాలకు హబక్కూకు 3:17, 18 కంటే దగ్గరి మాట బైబిల్లో దొరకడం కష్టం. "చేనిలోని పైరు పంటకు రాకపోయినను" అని ప్రవక్త ఒక్కొక్కటే పోయినవాటిని లెక్కపెడతాడు: అంజూరం, ద్రాక్ష, ఒలీవ, పైరు, దొడ్డిలో గొర్రెలు, సాలలో పశువులు. ఆ తర్వాతే "నేను యెహోవాయందు ఆనందించెదను" అంటాడు. దీంతో పిల్లలతో ఒక పని చేయించండి. నోట్‌బుక్‌లో మీ ఇంటి హబక్కూకు రాయించండి. పత్తి కాయ నల్లబడినా, బోరు ఎండిపోయినా, బర్రెను అమ్ముకున్నా... ఆ పట్టికలోవి మీ ఇంట్లో నిజంగా పోయినవే కావాలి. చివరి వాక్యం మీరు చెప్పి రాయించొద్దు. పిల్లలు రాయగలిగినంతే రాయనివ్వండి. ఒక పిల్లవాడు "అయినా నాకు దేవుడి మీద కోపంగా ఉంది" అని రాస్తే దాన్ని కొట్టేయకుండా అలాగే ఉంచండి. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్న తండ్రి మాటను (మార్కు 9:24) యేసు తోసిపుచ్చలేదు కదా.

అదే నోట్‌బుక్‌లో ప్రార్థన మనవులు కూడా రాసుకోండి. తేదీ, మనవి, తర్వాత ఏం జరిగింది. చాలా ఇళ్లలో నెరవేరినవి మాత్రమే రాసి సాక్ష్యానికి వాడుకుంటారు. నెరవేరనివి కూడా రాయండి, ఖాళీ వదిలేయకండి. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు (2 కొరింథీయులకు 12). గెత్సేమనేలో యేసు అడిగిన గిన్నె తొలగిపోలేదు. ఈ రెండూ బైబిల్లో ఉండగా, మన ఇంటి నోట్‌బుక్‌లో తీరని మనవి కనిపిస్తే మన విశ్వాసానికి వచ్చే లోటేమీ లేదు.

పనిలో పని, జనవరి 1న తీసుకునే వాగ్దాన కార్డు గురించి ఒక మాట. వాచ్ నైట్ అయ్యాక పిల్లలు ఆ కార్డు తీసే సంబరం చూడముచ్చటగా ఉంటుంది, నాకు దాని మీద పేచీ లేదు. కానీ కార్డులో "నీ శత్రువులను నీ పాదముల క్రింద" అని వచ్చి, మార్చిలో నాన్న ఉద్యోగం పోతే పిల్లలు ఆ కార్డునే గుర్తు చేస్తారు. ఆ వచనం బైబిల్లో ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో ఆ రాత్రే ఇంటికొచ్చి చదివి వినిపించండి. లాటరీ చీటీలా గోడకు అతికించి వదిలేయొద్దు.

నాలుగో అడుగు: కఠినమైన ప్రశ్నలకు సిద్ధపడండి

"తాత కోసం ఉపవాసం ఉన్నం కదా, మరి ఎందుకు చనిపోయిండు?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. సాధారణంగా దినకర్మలు, చుట్టాల హడావిడి అయిపోయాక, ఏ బస్సులోనో వస్తుంది. ముందుగా చెప్పకూడని జవాబులు. "దేవునికి తాత అవసరమైండు, అందుకే తీసుకపోయిండు" అనొద్దు. రేపు అమ్మ కూడా అవసరమవుతుందేమోనని పిల్ల భయపడుతుంది. "మన విశ్వాసం సరిపోలేదు" అనొద్దు. ఆ మాట జీవితాంతం వెంటాడుతుంది. "అట్ల అడగొద్దు, పాపం" అనొద్దు.

చెప్పగలిగినది ఇంత: "నాకూ తెలుస్తలేదు బిడ్డా. నేనూ అదే అడుగుతున్న. తాత ప్రభువు దగ్గర ఉన్నడని మాత్రం నమ్ముతున్న. మనకు ఏడుపొస్తే ఏడుద్దాం." లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. "యేసు కన్నీళ్లు విడిచెను" అన్న యోహాను 11:35 పిల్లలు సులువుగా కంఠతా పట్టే వచనం. కంఠత పోటీల్లో చిన్న వచనమని నవ్వుకుంటూ చెప్పేస్తారు. చావు ఇంట్లో మాత్రం దాని విలువ వాళ్లకు తెలియజెప్పండి.

పరామర్శకు వచ్చేవారి మాటల విషయంలో తల్లిదండ్రులు గట్టిగా ఉండాలి. ప్రార్థన చేస్తానని వచ్చి "మీ ఇంట్ల ఏదో దాచిన పాపం ఉంది, అందుకే ఈ శ్రమ" అని పిల్లల ఎదుటే చెప్పేవారు ప్రతి ఊళ్లో ఉంటారు. పుట్టుగుడ్డి వాడిని చూపించి ఎవరి పాపం ఇది అని శిష్యులు అడిగితే "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని యేసే చెప్పాడు (యోహాను 9:3). వచ్చిన మనిషితో గొడవపడాల్సిన పనిలేదు. "అక్కా, మీరు ప్రార్థన చేయండి, ఆ మాట మాత్రం పిల్లల ముందు వద్దు" అనండి. పిల్లలు విన్నట్టయితే ఆమె వెళ్లిన వెంటనే యోహాను 9 తీసి చదవండి. యోబు స్నేహితులు చేసిన మంచి పని ఏదైనా ఉంటే, మొదటి ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చోవడమే. నోరు తెరిచాకే అంతా చెడింది.

ఐదో అడుగు: మందులు, డాక్టరు, మనసు

దీన్ని నాన్చకుండా చెబుతాను. ప్రార్థన చేస్తున్నామని మందులు ఆపడం విశ్వాసం కాదు. టీబీ మందులు మధ్యలో ఆపితే జబ్బు మందులకు లొంగకుండా మొండికేస్తుంది. ఫిట్స్ మాత్రలు, ఇన్సులిన్, మానసిక వైద్యుడు రాసిన మాత్రలు డాక్టరుతో మాట్లాడకుండా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. హిజ్కియా కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయించాడు (2 రాజులు 20:7). పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. ఎంజీఎం దవాఖానలో ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడ్డప్పుడు పిల్లలు పక్కనుంటే "దేవుడు డాక్టర్ల చేత కూడా పని చేయిస్తడు" అని మామూలుగా అనండి, అక్కడే రెండు మాటలు ప్రార్థించండి. ప్రార్థనకు, దవాఖానకు పోటీ లేదని వాళ్లు అలా నేర్చుకుంటారు.

మనసు జబ్బు విషయంలో మన సంఘాల్లో ఇంకా తడబాటు ఉంది. పిల్ల అన్నం మానేసి, నిద్రపోకుండా, "నేను లేకుంటే మీకే మంచిది" అంటుంటే దాన్ని దయ్యమనో, భక్తి తగ్గిందనో తీసిపారేయకండి. ఏలీయా అంతటి ప్రవక్త బదరీ వృక్షం కింద పడుకుని నా ప్రాణం తీసేయమన్నాడు. దేవుడు అతనికి ముందు పంపింది రొట్టె, నీళ్లు, నిద్ర. మాట్లాడింది ఆ తర్వాత (1 రాజులు 19). మన రాష్ట్రంలో 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాక ఎంతమంది పిల్లలను పోగొట్టుకున్నామో మరిచిపోలేం. ఫలితాలకు ముందు రోజు రాత్రి ప్రార్థనలో "మార్కులు ఎన్నొచ్చినా నువ్వు మా బిడ్డవే" అని వాళ్ల వైపు చూసి చెప్పండి. "ప్రభువా, స్టేట్ ర్యాంకు ఇయ్యి, నీ నామానికి మహిమ" అన్న ప్రార్థన ఆ రాత్రి మానుకోండి, దాంతో టెన్షన్ రెట్టింపవుతుంది. ఫలితాల రోజు వాళ్లను ఒంటరిగా ఉంచొద్దు. చావు మాట వస్తే నేరుగా అడగండి, అడిగితే ఆలోచన పుడుతుందని భయపడకండి. మానసిక సాయం కోసం ఉన్న టెలిమానస్ ఫోన్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. పాస్టరు గారికి ఫోన్ చేయండి, దీనికీ చేయండి.

ఆరో అడుగు: "నేను గుడికి రాను" అన్నప్పుడు

ఎక్కువగా పదో తరగతికి, డిగ్రీకి మధ్య వస్తుంది ఈ మాట. కష్టంలో ఉన్న ఇంట్లో ముందే వస్తుంది. తల్లిదండ్రులు దీన్ని తిరుగుబాటుగా చూస్తారు. చాలాసార్లు అది అలసట, లేదా దేవుడు మన ఇంటిని పట్టించుకోలేదన్న కోపం, లేదా గుళ్లో ఎవరో అన్న మాట.

మొదట కారణం తెలుసుకోండి. తండ్రి అడగాలి, గట్టిగా కాదు. బండి మీద పోతూ అడిగితే ఎదురుగా కూర్చోబెట్టి అడిగిన దానికంటే ఎక్కువ చెబుతారు. "తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి" అని కొలొస్సయులకు 3:21లో ఉంది. తల్లిదండ్రులకు విధేయులై ఉండమన్న వచనాన్ని పిల్లలకు కంఠతా పట్టిస్తాం. దాని పక్కనే తండ్రులకు రాసిన ఈ వచనం మాత్రం మన ఇళ్లలో పెద్దగా వినిపించదు.

నా అభిప్రాయం, కొందరికి నచ్చకపోవచ్చు: పదహారు దాటిన పిల్లవాణ్ణి కొట్టి, తిట్టి ఆరాధనకు లాక్కుపోవడం వల్ల లాభం లేదు. ఇంటి ప్రార్థనలో కూర్చోమని అడగవచ్చు, అది ఇంటి మర్యాద. పాడమని, ప్రార్థించమని బలవంతం వద్దు. ఆదివారం గుడి నుంచి వచ్చాక వాడికి ఇష్టమైన కూరతో అన్నం పెట్టండి, ఆ రోజు ప్రసంగం మళ్లీ వినిపించకండి. సంఘంలో వాడు ఇష్టపడే అన్న ఒకడుంటాడు, గిటారు వాయించేవాడో, క్రికెట్ ఆడేవాడో. అతనికి విషయం చెప్పి ఊరుకోండి. కాలేజీ హాస్టల్లో ఉన్న పిల్లలకు ఆదివారం ఔటింగ్ దొరకడమే గగనం. వాళ్లను వారం వారం "గుడికి పోయినవా?" అని అడగడం కంటే, ఫోన్ ఇచ్చిన ఆ పది నిమిషాల్లో ముందు "అన్నం మంచిగ పెడుతున్నరా?" అని అడగండి.

ఏడో అడుగు: ఇరుగుపొరుగు, పేరు, సర్టిఫికెట్

కష్టంలో ఉన్నప్పుడు చుట్టుపక్కలవాళ్లు ప్రేమతోనే సలహాలిస్తారు. మేడారం మొక్కు మొక్కుకోమంటారు, ఫలానా దర్గాకు పొమ్మంటారు. పిల్లలు చూస్తుంటారు. "మేము యేసుప్రభువునే ప్రార్థిస్తం, మీరు మా గురించి ఆలోచించినందుకు సంతోషం" అంటే సరిపోతుంది. వాళ్ల దేవతలను ఎగతాళి చేసే మాట ఇంట్లో కూడా రానివ్వకండి. మన నిరీక్షణ గురించి అడిగితే సాత్వికంతో జవాబు చెప్పమని పేతురు రాశాడు. బతుకమ్మ ఆడేచోటికి పిల్లలను పంపాలా వద్దా అన్నది ఒక్కో కుటుంబం ఒక్కో తీరుగా చూస్తుంది. ఏది నిర్ణయించినా కారణం పిల్లలకు చెప్పండి, పక్కింటి అమ్మ పంపిన సత్తుపిండి విషయంలో ఆమె మనసు నొప్పించకుండా ఎలా మాట్లాడాలో కూడా నేర్పండి. వరదొచ్చిన రాత్రి మీ పిల్లలను ఎత్తుకుని డాబా ఎక్కేది ఆమే.

ఇంకో ప్రశ్న మన పిల్లలు అడుగుతారు, దాని గురించి గుళ్లో ఎవరూ మాట్లాడరు. "ఇంట్ల ఒక పేరు, బడిల ఒక పేరు ఎందుకు?" 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు మన దగ్గర బీసీ-సీ కిందికి వస్తారు. ఈ లెక్కల వల్ల ఇంట్లో పేరుకూ సర్టిఫికెట్‌లో పేరుకూ మధ్య చాలా కుటుంబాలు నలిగాయి. పిల్ల అడిగినప్పుడు కసిరితే తన పేరు గురించే సిగ్గుపడడం నేర్చుకుంటుంది. పదో తరగతి వయసుకు ఈ చరిత్రను తాతల కష్టంతో సహా చెప్పేయండి.

ఎనిమిదో అడుగు: ఇంటి విశ్వాస కథ

పౌలు తిమోతికి రాస్తూ అతని విశ్వాసం మొదట అవ్వయైన లోయిలో, తల్లియైన యునీకేలో ఉందని పేర్లతో గుర్తు చేశాడు. మీ ఇంట్లో ఆ అవ్వ ఎవరు? ప్రభువును మొదట నమ్మింది ఎవరు, ఏ కష్టంలో నమ్మారు, ఊళ్లో ఏమన్నారు? బతికి ఉంటే ఆమె చేతే చెప్పించి ఫోన్లో రికార్డు చేయండి. పిల్లలు ప్రశ్నలడగాలి, మీరు అడ్డుపడొద్దు. అవ్వ కథలో ఆకలి వస్తుంది, వెట్టి వస్తుంది, బడికి పంపిన పంతులమ్మ వస్తుంది. మన కష్టం మొదటిది కాదని పిల్లలకు అక్కడ తెలుస్తుంది.

వీలైతే ఒక రోజు డోర్నకల్ తీసుకుపోండి. వరంగల్ నుంచి రైల్లో పోయి రావచ్చు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో అభిషేకం పొంది అక్కడే పనిచేశారు. ఆయన కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. హిందూ గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు గుర్తుకొచ్చేలా ఉంటుంది. బాప్తిస్మం తీసుకున్నవారి చేత తల మీద చెయ్యి పెట్టించి "సువార్త ప్రకటింపకపోయిన నాకు శ్రమ" అనిపించేవారు ఆయన. వాళ్లలో ఎక్కువమంది అక్షరం రాని పేదలు. మెదక్ కెథెడ్రల్ అయితే ఇంకా మంచిది. కరువు కాలంలో జనానికి పని, తిండి దొరకాలని చార్లెస్ పాస్నెట్ ఆ కట్టడాన్ని చేపట్టాడు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. గుడి చూపించేటప్పుడు ఎత్తు ఎంత, అద్దాలు ఎక్కడివి అన్నదానితో ఆగిపోకుండా, రాళ్లు మోసినవాళ్లు ఆకలితో వచ్చినవాళ్లని పిల్లలకు చెప్పండి.

తొమ్మిదో అడుగు: సంఘం సాయం, జాగ్రత్తలు

సంఘానికి కష్టం చెప్పడంలో పరువు అడ్డొస్తుంది. అందరికీ చెప్పనక్కర్లేదు. పాస్టరు గారికి, ఆయన భార్యకు, నమ్మకమైన ఇంకో కుటుంబానికి చెబితే చాలు. ఏం కావాలో తేల్చి చెప్పండి: "ప్రార్థించండి" అని మాత్రమే కాకుండా, "దవాఖానలో ఉన్నన్ని రోజులు పిల్లలకు సాయంత్రం అన్నం పెడితే చాలు" అనండి. జనం సాయం చేయడానికి సిద్ధంగానే ఉంటారు, ఏం చేయాలో తెలియక ఊరుకుంటారు.

అప్పుల్లో ఉన్నప్పుడు కానుకల కోసం మళ్లీ అప్పు చేయొద్దు. ఇంత ఇస్తే అంత వస్తుందని లెక్క చెప్పేవారికి దూరంగా ఉండండి. పిల్లలకు ఇవ్వడం నేర్పాలంటే పక్కింటి ముసలావిడకు ఒక గిన్నె పప్పు పంపడం చాలు.

పిల్లల భద్రత విషయంలో మొహమాటం వద్దు. ప్రత్యేక ప్రార్థన అని, అభిషేకమని పిల్లలను ఎవరి దగ్గరా తలుపులు మూసిన గదిలో ఒంటరిగా వదలొద్దు, ఎంత పెద్ద దైవజనుడైనా సరే. పిల్ల ఏదైనా చెబితే ముందు నమ్మండి. చైల్డ్‌లైన్ నంబరు 1098.

ఆగిపోతే

ఆగిపోతుంది. ఆసుపత్రి వారం, పత్తి ఏరే రోజులు, పెళ్లిళ్ల సీజను, ఏదో ఒకటి వచ్చి ఇంటి ప్రార్థన నెల రోజులు ఆగిపోతుంది. మళ్లీ మొదలుపెట్టడానికి జనవరి 1 కోసమో, ఉపవాస కూడికల కోసమో చూడకండి. క్షమాపణల ప్రసంగం కూడా వద్దు. అన్నాలయ్యాక, ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమంది కూర్చోండి. భర్త రాకపోతే తల్లీ పిల్లలే కూర్చోండి. పాట ఎవరికీ గుర్తు రాకపోతే పాట వదిలేయండి. 13వ కీర్తన ఆరు వచనాలు, ఆ రోజు ఏది కష్టమనిపించిందన్న ప్రశ్న, ఒక చిన్న ప్రార్థన. ప్రార్థన పిల్లల్లో చిన్నదాని చేత చేయించండి, అది తొందరగా ముగిస్తుంది కూడా. రేపటి వచనాలు ఎవరు చదవాలో ఆ రాత్రే పేరు పెట్టి చెప్పండి.